వీణ పాఠాలకు యూఆర్22 ఎమ్‌కే2: పెట్టె మంచిదే, చిటపట వేరే చోటిది

ముందే తీర్పు చెప్పేస్తాను: మైకు శబ్దాన్నీ వీణ నాదాన్నీ కంప్యూటరుకు చేర్చే ఈ పెట్టె (ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు) కొనుక్కోవచ్చు. అయితే కొన్నాక కంప్యూటరు ముందు ఓపికగా ఒక పూట కూర్చోవలసి ఉంటుంది. ఆ ఓపిక లేనివాళ్లు ఫోను ఎదురుగా పెట్టుకుని పాఠం చెప్పుకోవడమే మేలు. డబ్బూ మిగులుతుంది, మనశ్శాంతీ మిగులుతుంది.

నేను కడప ఎర్రముక్కపల్లెలో ఇంట్లోనే వీణ నేర్పుతాను. సాయంత్రం ఊళ్లో పిల్లలు వస్తారు. తెల్లవారుజామున టెక్సాస్ పిల్లలు, రాత్రి భోజనాలయ్యాక డబ్లిన్ పిల్లలు జూమ్‌లో కూర్చుంటారు. ఈ పెట్టె మీద నేను చదివిన సమీక్షలన్నీ గిటారు వాయించేవాళ్లవి, లేకపోతే పాడ్‌కాస్టులు చేసేవాళ్లవి. తీగ లాగి గమకం పలికిస్తున్నప్పుడు నాదం మధ్యలో ఎక్కడ తెగుతుందన్నది వాళ్లకు పట్టదు. నాకు పట్టేది అదొక్కటే.

స్టైన్‌బర్గ్ యూఆర్22 ఎమ్‌కే2 దీని పూర్తి పేరు. నా శిష్యుడొకడు ఉద్యోగానికి బెంగళూరు వెళ్తూ తన పెట్టెను నాకు తక్కువ ధరకు ఇచ్చి వెళ్లాడు. స్టైన్‌బర్గ్ జర్మనీ సంస్థ, 2005 నుంచి యమహా చేతిలో ఉంది. కంప్యూటరులోంచి శబ్దం పెద్దగా జాప్యం లేకుండా వచ్చిపోవడానికి విండోస్‌లో రికార్డింగు చేసేవాళ్లు వాడే ఆసియో పద్ధతిని 1997లో తెచ్చింది వీళ్లే. ఇప్పుడు దీని తరవాతివి యూఆర్22సీ, ఐఎక్స్‌ఓ22 వచ్చాయి. నేను రాసేదానిలో చాలా భాగం వాటికీ వర్తిస్తుంది, ఇతర కంపెనీల పెట్టెలకూ వర్తిస్తుంది.

రూపం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. లోహపు డబ్బా, దాదాపు కిలో బరువు, తీగ తగిలినా బల్ల మీద నుంచి జారదు. ముందువైపు రెండు సాకెట్లు. మైకు పిన్ను, లావు జాకు, ఏదైనా వాటిలోనే పడుతుంది. రెండో సాకెట్టుకు హై-జెడ్ అని చిన్న మీట ఉంది. గిటారు కోసం పెట్టారు కానీ వీణవాళ్లు దీన్ని వదలకూడదు. కుండ పలక మీద అంటించే కాంటాక్టు పిక్‌అప్ పీజో రకం, అంటే పలక అదురును కరెంటుగా మార్చేది. దాన్ని మామూలు ఇన్‌పుట్‌కు కలిపితే కింది స్థాయి అంతా కారిపోయి, సారణి తీగ ఒక్కటే కీచుగా వినిపిస్తుంది. హై-జెడ్ మీట వేయగానే మంద్రం, అనుమంద్రం తీగలకు ఒళ్లు వస్తుంది. ఈ తేడా కోసమే ఎవరైనా ఈ పెట్టె కొన్నా నేను తప్పుపట్టను.

మొదటి సాకెట్టులో కండెన్సర్ మైకు పెట్టుకున్నాను. దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి, అంటే పెట్టె నుంచి మైకుకు అందే కరెంటు. మీట రెండు సాకెట్లకూ కలిపి ఒకటే ఇచ్చారు. పిక్‌అప్‌కు కూడా ఆ వోల్టేజీ వెళ్తుందేమోనని కంగారుపడనక్కరలేదు, అది మైకు పిన్నులకే వస్తుంది, జాకుకు రాదు. గెయిన్ (లోపలికి వచ్చే శబ్దాన్ని పెంచే గుండీ) తిప్పేటప్పుడు మాత్రం మనం వాయించే అతి గట్టి మీటును మీటి చూడాలి. పీక్ దీపం ఎర్రబడితే శబ్దం పగలడానికి ఇంకా 3 డెసిబెల్సే ఉందని అర్థం. పాఠం చెప్పేటప్పుడు మెత్తగా వాయించి గెయిన్ పెంచేసి, తరవాత తానంలో ఊపు మీద మీటితే అక్కడ పగులుతుంది. దీపం ఎప్పుడూ వెలగని చోట గెయిన్ ఆపితే సరి.

ఇక చిటపట. డాలస్‌లో ఉన్న ఒక పాప తల్లి క్లాసు మధ్యలో అంది: "మేడమ్, మీ వీణ వెనక ఎవరో బొరుగులు నములుతున్నట్టుంది." సరిగ్గా అలాగే ఉంది. ఉండి ఉండి రెండు మూడు చిటుకులు, కాసేపు నిశ్శబ్దం, మళ్లీ ఒక గుప్పెడు చిటుకులు.

ఇక్కడ తొందరపడకూడదు. జనం "గరగర" అని ఒకే మాటలో చెప్పేసేవి మూడు వేరు వేరు రోగాలు. వాటికి మందులు కూడా వేరు. గట్టిగా మీటినప్పుడే వస్తే అది గెయిన్ గొడవ, పైన చెప్పాను. వాయించినా వాయించకపోయినా ఒకే స్థాయిలో గుయ్యిమంటూ ఉంటే అది కరెంటు. మన దగ్గర కరెంటు 50 హెర్ట్‌జ్, దాని రెట్టింపు 100. శ్రుతిజ్ఞానం ఉన్నవాళ్లకు దీన్ని పట్టడానికి మీటరు అక్కరలేదు. 100 హెర్ట్‌జ్ అంటే ఐదు శ్రుతి కంటే పిసరంత హెచ్చు. ఆ స్వరం గదిలో ఎప్పుడూ మోగుతూ ఉంటే ల్యాప్‌టాప్ చార్జరు పీకి చూడండి. మాయమైతే ఎర్తు గొడవ కావచ్చు, ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. చార్జరు పీకినా ఉంటే ఫ్యాను రెగ్యులేటరును అనుమానించండి. గుండ్రంగా తిరిగే పాత రకం ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు ఫ్యాను నెమ్మదిగా తిరిగేటప్పుడు కరెంటును ముక్కలుగా కోస్తాయి, ఆ రొద పిక్‌అప్ తీగలోకి ఎక్కుతుంది. ఫ్యాను పూర్తి వేగంలో పెడితే పోతుంది. మే నెలలో కడపలో పూర్తి వేగంలో పెట్టడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు కానీ, ఆ గాలి మైకుకు కొడుతుంది. నేను రెగ్యులేటరునే మార్పించాను, అంకెల మీద టకటక ఆగే కెపాసిటర్ రకం పెట్టించాను.

మూడో రోగం అసలుది. వాయిద్యంతో సంబంధం లేకుండా, గెయిన్‌తో సంబంధం లేకుండా, తనకు తోచినప్పుడు వచ్చే చిటుకులు. దీన్ని పట్టుకోవడానికి ఈ పెట్టె మీదే ఒక మంచి సాధనం ఉంది, మిక్స్ అనే గుండీ. ఒక కొసకు ఇన్‌పుట్ అని, ఇంకో కొసకు డీఏడబ్ల్యూ (కంప్యూటరులోని రికార్డింగు సాఫ్ట్‌వేర్) అని రాసి ఉంటుంది. ఇన్‌పుట్ వైపు పూర్తిగా తిప్పితే హెడ్‌ఫోన్సులో వినిపించేది వీణ నుంచి నేరుగా పెట్టెలోకి వచ్చి చెవికి చేరే నాదం. అది కంప్యూటరు గడప తొక్కదు. అలా పెట్టుకుని ఒక వర్ణం రెండు కాలాలూ వాయించి విన్నాను. మచ్చ లేదు. అదే వర్ణాన్ని రికార్డు చేసి గుండీని అవతలి కొసకు తిప్పి వింటే చిటుకులు ఉన్నాయి. అంటే మైకు, పిక్‌అప్, తీగలు, పెట్టెలోని ముందు భాగం అన్నీ నిర్దోషులు. తప్పు శబ్దం కంప్యూటరు దారి పట్టిన తరవాతే జరుగుతోంది. ఏ పెట్టెతో పేచీ వచ్చినా మొదట చేయవలసిన పరీక్ష ఇదే. డబ్బు ఖర్చు లేదు, ఎవరినీ అడగనక్కరలేదు.

ఈ పరీక్ష ఫలితం చెప్పినా ఏడు రోడ్ల దగ్గరి రిపేరు దుకాణంలో వినలేదు. దుకాణం పేరు అనవసరం. "కార్డు పోయింది మేడమ్, కొత్తది తెప్పిస్తా" అన్నాడు ఆ అబ్బాయి. పెట్టె బాగానే ఉందని పట్టుబట్టాక "అయితే విండోస్ ఫార్మాట్ చేయాలి" అన్నాడు. చేశాడు, డబ్బు తీసుకున్నాడు, చిటపట చెక్కు చెదరకుండా ఇంటికి తిరిగి వచ్చింది. ప్రింటరు రాకపోతే, స్క్రీను పగిలితే అతని దగ్గరికే వెళ్తాను, ఆ పనిలో చెయ్యి మంచిది. శబ్దం విషయంలో మాత్రం వినకుండానే మందు రాసే రకం.

చిటుకు ఎందుకు వస్తుందో తెలిస్తే వెతకడం సులువు. కంప్యూటరు శబ్దాన్ని ధారగా ఇవ్వదు, దోసిళ్లుగా ఇస్తుంది. ఒక్కో దోసిలిని బఫర్ అంటారు. సెకనుకు 48,000 శాంపుళ్ల (శబ్దాన్ని కొలిచి తీసుకున్న తునకల) లెక్కన 128 శాంపుళ్ల బఫర్ అంటే 2.7 మిల్లీసెకన్లు, 256 అంటే 5.3, 512 అంటే 10.7. ఆ గడువులోపు తరవాతి దోసిలి అందకపోతే మధ్యలో ఖాళీ పడుతుంది. ఆ ఖాళీయే చిటుకు. కాబట్టి ప్రాసెసరు ఎంత వేగమైనదన్నది అసలు ప్రశ్న కాదు. అయిదారు మిల్లీసెకన్ల పాటు దాని చెయ్యి పట్టుకుని వదలనిది ఎవరన్నది ప్రశ్న.

అది చెప్పే సాఫ్ట్‌వేర్ ఉంది. పేరు లేటెన్సీమాన్, ఇంట్లో వాడుకోవడానికి ఉచితం. దాన్ని నడిపించి, జూమ్ తెరిచి, వీణ వాయిస్తూ కూర్చుంటే ఏ డ్రైవరు (ఒక్కో పరికరాన్ని నడిపించే ప్రోగ్రాము) ఎంతసేపు ప్రాసెసరును ఆపేస్తోందో పట్టీ వేసి చూపిస్తుంది. నా పట్టీలో పైన కూర్చున్నది ఎన్‌డీఐఎస్ డాట్ సిస్. విండోస్‌లో నెట్‌వర్కు పనులన్నీ దాని ద్వారానే జరుగుతాయి, దాని వెనక ఉన్నది నా ల్యాప్‌టాప్‌లోని వైఫై. విమానం గుర్తు నొక్కి వైఫై ఆపాను. చిటపట ఆగిపోయింది. మళ్లీ వేశాను, మళ్లీ మొదలైంది. అంతకంటే స్పష్టమైన సాక్ష్యం కోర్టులో కూడా దొరకదు.

రికార్డింగు చేసుకునేవాళ్లకు ఇక్కడితో కథ ముగిసినట్టే, వైఫై ఆపి వాయించుకోవచ్చు. నెట్‌లో పాఠం చెప్పేవాళ్లు నెట్ ఆపి ఏం చేస్తారు? వైఫై డ్రైవరును కొత్తదానికి మార్చాను, చిటుకులు తగ్గాయి, పోలేదు. చివరికి రౌటరు నుంచి గోడ వెంబడి ల్యాన్ తీగ లాగించాను. నా ల్యాప్‌టాప్‌కు ల్యాన్ రంధ్రం లేదు, యూఎస్‌బీకి పెట్టే అడాప్టరు కొన్నాను. పెట్టెను ఎడమవైపు, అడాప్టరును కుడివైపు పెడతాను. వైఫై ఆపేస్తాను. ఇప్పుడు గంట పాఠంలో ఒక్క చిటుకు లేదు. జూమ్‌లో బొమ్మ కూడా నిలకడగా ఉంటోంది, అది అడగకుండా వచ్చిన లాభం.

అలా అని అందరి ఇంట్లోనూ దొంగ వైఫైయే అనుకోవద్దు. బ్యాటరీ డ్రైవరు కావచ్చు, గ్రాఫిక్స్ డ్రైవరు కావచ్చు. పట్టీలో పైన ఎవరున్నారో చూసి వాళ్లనే అడగాలి.

కరెంటు పోయినప్పుడు మాత్రం ఇంకో రకంగా వచ్చేది. మా ఇంట్లో ఇన్వర్టరు లైన్లు ఫ్యాన్లకూ లైట్లకూ రౌటరుకూ ఇచ్చారు, ల్యాప్‌టాప్ పెట్టే ప్లగ్గుకు లేదు. కరెంటు పోగానే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదికి వెళ్తుంది. వెళ్లిన వెంటనే పొదుపు మొదలుపెట్టి ప్రాసెసరు వేగం తగ్గిస్తుంది. దోసిళ్లు ఆలస్యమవుతాయి. పవర్ సెట్టింగుల్లో బ్యాటరీ మీద కూడా పూర్తి వేగం ఉండేలా పెట్టాలి. అక్కడే లోపల పొదుపు కోసం యూఎస్‌బీ పరికరాలను నిద్రపుచ్చే యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అని ఒకటి ఉంటుంది, దాన్ని ఆపేయాలి. వేసవిలో ఇంకో సంగతి కూడా ఉంది. బయట నలభై దాటినప్పుడు పరుపు మీదో ఒళ్లోనో పెట్టిన ల్యాప్‌టాప్ కాలిపోకుండా తనను తాను నెమ్మదింపజేసుకుంటుంది, అప్పుడూ చిటుకులే. బల్ల మీద అడుగు గాలి ఆడేలా పెట్టుకుంటే చాలు.

బఫర్ ఎంత పెట్టాలని అడుగుతారు. యమహా స్టైన్‌బర్గ్ డ్రైవరు కంట్రోల్ ప్యానెల్‌లో మార్చుకోవచ్చు. వీణ నాదం మనకు ఎలాగూ నేరుగా చెవికి వినిపిస్తుంది, పైగా మిక్స్ గుండీ ఉంది. కాబట్టి రికార్డింగుకు 512 పెట్టుకుని నిశ్చింతగా ఉండవచ్చు. 64, 128 అని గొప్పకు పోవడం కీబోర్డు మీద సాఫ్ట్‌వేర్ వాయిద్యాలు పలికించేవాళ్లకు అవసరం.

శాంపుల్ రేటు గురించి ఒక్క మాట. అన్ని చోట్లా ఒకే అంకె ఉండాలి. నేను పెట్టెలోనూ, విండోస్ సౌండ్ సెట్టింగుల్లోనూ, రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లోనూ 48 కిలోహెర్ట్‌జే పెట్టాను. 44.1లో తీసినది 48లో మోగి మధ్యలో ఎవరూ సరిచేయకపోతే రికార్డింగు దాదాపు తొమ్మిది శాతం వేగంగా పరుగెత్తుతుంది, శ్రుతి ఒకటిన్నర స్వరస్థానం పైకి లేస్తుంది. మూడు శ్రుతిలో వాయించిన కీర్తన నాలుగుకూ నాలుగున్నరకూ మధ్య వేలాడుతుంది. పిల్లలు ఆ రికార్డింగుతో సాధన చేస్తే వాళ్ల వీణ దేనికీ కలవదు.

ఇప్పుడు ఈ పెట్టెలో అందరూ తెగ పొగిడే లూప్‌బ్యాక్ సంగతి. కంప్యూటరులో మోగే శబ్దాన్నీ, మైకు శబ్దాన్నీ కలిపి మళ్లీ కంప్యూటరుకే పంపడం దాని పని. పాటలు పెట్టి మాట్లాడుతూ ప్రత్యక్ష ప్రసారం చేసేవాళ్లకు అద్భుతంగా ఉంటుంది. జూమ్ పాఠంలో ఆన్ చేస్తే ఏమవుతుందంటే, అవతలి పాప గొంతు కూడా కంప్యూటరులో మోగే శబ్దమే కనుక, అది మన వైపు నుంచి మళ్లీ ఆ పాపకే వెళ్తుంది. "మేడమ్, నా మాట నాకే వస్తోంది" అంటారు. దీనికి విరుగుడు శబ్దాలను విడదీయడం. జూమ్‌లో మైకుగా యూఆర్22ను ఉంచి, స్పీకరుగా మాత్రం ల్యాప్‌టాప్ సొంత హెడ్‌ఫోను రంధ్రాన్ని ఎంచుకోవాలి. తంబుర యాప్ శబ్దం మాత్రమే యూఆర్22కు పోవాలి. విండోస్ 11లో సౌండ్ సెట్టింగుల కింద వాల్యూమ్ మిక్సర్‌లో ఏ యాప్ ఎటు పోవాలో విడివిడిగా చెప్పవచ్చు. అప్పుడు పాపకు వీణ, తంబుర రెండూ వెళ్తాయి, తన గొంతు వెళ్లదు.

పనిచేస్తుంది. అయినా రోజూ ఇది చేయడం నాకు దండగ అనిపిస్తుంది. తంబుర కోసమే అయితే మామూలు శ్రుతి పెట్టెను మైకుకు మూరెడు దూరంలో పెట్టుకోవడం వెయ్యి రెట్లు నయం. రికార్డింగు వినిపించాలంటే జూమ్‌లో స్క్రీను పంచుకునే చోటే కంప్యూటరు శబ్దాన్ని మాత్రమే పంపే ఏర్పాటు ఉంది. అది వాడేటప్పుడు లూప్‌బ్యాక్ ఆపి ఉంచాలి, లేకపోతే పాట రెండు సార్లు వినిపిస్తుంది. అలాగే రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో మానిటరింగ్ (లోపలికి వచ్చే శబ్దాన్ని వెంటనే తిరిగి వినిపించడం) వేసి ఉంచి లూప్‌బ్యాక్ ఆన్ చేస్తే శబ్దం తన తోకను తానే పట్టుకుని గిర్రున తిరిగి కూత పెడుతుంది. హెడ్‌ఫోన్సు చెవిలో ఉన్నప్పుడు ఈ ప్రయోగం వద్దు.

చిటపట పోయాక కూడా పిల్లలకు గమకాలు తెగి వినిపిస్తుంటే అది ఈ పెట్టె పనీ కాదు, కంప్యూటరు పనీ కాదు. మాటల కోసం తయారైన జూమ్, ఎక్కువసేపు నిలిచే తీగ నాదాన్ని ఫ్యాను రొద అనుకుని అణిచేస్తుంది. ఆడియో సెట్టింగుల్లో సంగీతకారుల కోసం ఒరిజినల్ సౌండ్ అనే ఎంపిక ఉంది, దాన్ని పెట్టి, మీటింగులో పైన కనిపించే మీటను కూడా వేయాలి. దాని కిందే హై ఫిడెలిటీ మ్యూజిక్ మోడ్ ఉంటుంది. అది సెకనుకు మోనోలో 96 కిలోబిట్లు, స్టీరియోలో 192 కిలోబిట్ల దాకా పంపుతుంది. స్టీరియో వద్దు. ఈ పెట్టెలో మొదటి సాకెట్టు ఎడమ, రెండోది కుడి. స్టీరియోలో పంపితే పాపకు ఒక చెవిలో మైకు, ఇంకో చెవిలో పిక్‌అప్ పడతాయి. అలాగే ఒరిజినల్ సౌండ్ పెట్టినప్పుడు మన వైపు స్పీకరు కాకుండా హెడ్‌ఫోన్సే వాడాలి, ప్రతిధ్వనిని చెరిపే పని అక్కడ ఆగిపోవచ్చు.

ఎంత ఖర్చు పెట్టినా రానిది ఒకటుంది. అవతలివాళ్లతో కలిసి వాయించడం. కడప నుంచి డాలస్‌కు శబ్దం వెళ్లి రావడానికి పట్టే సమయాన్ని ఏ పెట్టే తగ్గించలేదు. నేను తాళం వేస్తే వాళ్లకు అది ఆలస్యంగా చేరుతుంది, వాళ్లు వాయించింది నాకు ఇంకా ఆలస్యంగా చేరుతుంది. నేను వాయిస్తాను, వాళ్లు విని వాయిస్తారు, తాళం ఎవరిది వాళ్లే వేసుకుంటారు. మా గురువుగారు కూడా ఒక పంక్తి తాను వాయించి, ఒక పంక్తి మా చేత వాయింపించేవారు కనుక నాకు ఇది పెద్ద లోటుగా లేదు.

పెట్టె మీద నాకున్న ఫిర్యాదు చిన్నది. హెడ్‌ఫోను రంధ్రం లావుది, మామూలు ఇయర్‌ఫోన్‌కు మధ్యలో చిన్న అతుకు పెట్టాలి, ఆ అతుకు మా ఇంట్లో ఎప్పుడూ కనిపించదు. యూఎస్‌బీ తీగ పోతే భయం లేదు, చదరపు మూతి ఉన్న ప్రింటరు తీగే దీనికీ సరిపోతుంది, కడపలో ఏ కంప్యూటరు దుకాణంలోనైనా దొరుకుతుంది. పొట్టిది కొనండి, మధ్యలో హబ్ పెట్టకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కు గుచ్చండి. నాలుగు రంధ్రాల చవక హబ్బులో మౌసు, పెన్‌డ్రైవు, వెబ్‌క్యామ్‌తో పాటు దీన్ని కూడా పెడితే ఉన్న కరెంటును అన్నీ పంచుకుంటాయి. 48 వోల్టుల మైకు ఉన్న పెట్టెకు ఆ వాటా చాలదు.